స్ట్రోక్ తర్వాత ఆయాసం, బలం లేని దగ్గు: ఊపిరికి కూడా వ్యాయామం ఉంటుందా?

వేకువవెలుగు

అందరికీ నమస్కారం. మా నాన్నగారికి స్ట్రోక్ వచ్చి మూడో నెల నడుస్తోంది. ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి. కాలు కొంత తేరుకుంది, పట్టుకుంటే నాలుగు అడుగులు వేస్తున్నారు. ఇంటికి వచ్చాక న్యుమోనియా చేసి మళ్లీ ఆసుపత్రిలో చేర్చాల్సి వచ్చింది. అప్పటి నుంచి నా ధ్యాసంతా ఆయన ఊపిరి మీదే ఉంది.

ఊరికే కూర్చుని ఉన్నప్పుడు ఆయాసం కనిపించదు. మాట్లాడడం మొదలుపెడితే మాట మధ్యలోనే గాలి అయిపోతుంది. ‘మంచినీళ్లు’ అనబోయి ‘మంచి’ దగ్గర ఆగి, ఊపిరి తీసుకుని, అప్పుడు ‘నీళ్లు’ అంటారు. దగ్గితే గొంతు సవరించుకున్నంత శబ్దమే వస్తుంది. కఫం మాత్రం కదలకుండా లోపల గరగరలాడుతూనే ఉంటుంది. ఎక్స్‌రేలో ఊపిరితిత్తులు ఇప్పుడు బాగానే ఉన్నాయన్నారు. చేతికి, కాలికి ఫిజియోథెరపీ రోజూ చేయిస్తున్నాం. ఊపిరి సంగతి అడిగితే ‘నీరసం, అదే తగ్గుతుంది’ అంటున్నారు.

దెబ్బ తగిలింది మెదడుకు కదా, ఊపిరికి ఏమైంది? దీనికి విడిగా వ్యాయామాలు ఉంటాయా? తెలిసినవాళ్లు, అనుభవం ఉన్నవాళ్లు దయచేసి చెప్పండి.

మళ్లీనడక

అమ్మా, నేను స్ట్రోక్ వచ్చి కోలుకున్నవాడిని. మీ నాన్నగారి పరిస్థితి నాకు లోపలి నుంచి తెలుసు. ఊపిరి ఆడనట్టు ఉండదు, ఊపిరి చాలనట్టు ఉంటుంది. గాలి తీసుకోమంటే తీసుకుంటాం, కానీ ఛాతీలో ఒక పక్క నిండినట్టు, రెండో పక్క మూసి ఉన్నట్టు అనిపిస్తుంది. ఎదుటివాళ్లు ‘గట్టిగా మాట్లాడండి’ అంటే నాకు ఏడుపు వచ్చేది. గొంతు బాగానే ఉంది, గొంతు దాకా వచ్చే గాలి లేదు. ఆయన తగ్గించి మాట్లాడుతుంటే మొండితనం అనుకోవద్దు.

వ్యాయామాలు ఉన్నాయి, నాకు పనిచేశాయి. ఎలా చేయాలో మాత్రం తెలిసినవాళ్లే చెప్పాలి.

ఊపిరిబాట

నేను శ్వాస సంబంధ ఫిజియోథెరపిస్టును. మీరు అడిగిన ప్రశ్న చాలా మంచిది. దీన్ని అడిగే కుటుంబాలు తక్కువ. నడక, చెయ్యి కళ్లకు కనిపిస్తాయి కాబట్టి అందరి చూపూ వాటి మీదే ఉంటుంది.

మన ఊపిరికి మెదడులో రెండు దారులు ఉన్నాయి. నిద్రలోనూ, మనం పట్టించుకోనప్పుడూ నడిచే శ్వాసను మెదడు కాండంలోని మెడుల్లా నడిపిస్తుంది. మనం కావాలని తీసుకునే లోతైన శ్వాసకు, మాట కోసం గాలిని పొదుపుగా వదలడానికి, కావాలని దగ్గడానికి ఆదేశం మెదడు పై పొర నుంచి వెళుతుంది. చేతిని, కాలిని కదిలించే ఆదేశాలు బయలుదేరేది కూడా ఆ పొర నుంచే. అక్కడ దెబ్బ తగిలితే చెయ్యి పడిపోయిన వైపే డయాఫ్రం (ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే ప్రధాన ఊపిరి కండరం), పక్కటెముకల మధ్య కండరాలు, పొట్ట కండరాలు కూడా బలహీనపడతాయి. మెడుల్లా బాగుంటే ఊరికే కూర్చున్నప్పుడు తేడా తెలియదు. ‘గట్టిగా ఊపిరి తీసుకోండి’ అన్నప్పుడు బయటపడుతుంది. మీ నాన్నగారిలో మీరు చూస్తున్నది ఇదే అయ్యే అవకాశం ఎక్కువ.

ఒక పని చేయండి. ఆయన్ను నిటారుగా కూర్చోబెట్టి, ఎదురుగా నిలబడి, మీ రెండు అరచేతులను ఆయన కింది పక్కటెముకల మీద చెరో వైపు ఆనించండి. బొటనవేళ్లు మధ్యలో కలిసేలా ఉంచి లోతుగా ఊపిరి తీసుకోమనండి. ఏ బొటనవేలు తక్కువ జరుగుతుందో చూడండి. ఇది రోగ నిర్ధారణ కాదు, కానీ ఏ వైపు వెనకబడిందో మీకూ ఆయనకూ ఒక అవగాహన వస్తుంది.

ఇక దగ్గు. దగ్గాలంటే లోతుగా గాలి పీల్చాలి, స్వరపేటిక గట్టిగా మూసుకోవాలి, పొట్ట కండరాలు ఒక్కసారిగా బిగుసుకుని ఆ గాలిని బయటికి నెట్టాలి. స్ట్రోక్ వీటిలో దేన్నైనా దెబ్బతీయగలదు. ఏది దెబ్బతిన్నదో తెలియకుండా వ్యాయామం చెప్పడం నాకు ఇష్టం ఉండదు. దగ్గు బలాన్ని కొలిచే పద్ధతి ఉంది. పీక్ ఫ్లో మీటర్‌కు మాస్కు తగిలించి అందులోకి దగ్గమంటారు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లలో ఆ దగ్గు గాలి వేగం సాధారణంగా నిమిషానికి 360 లీటర్లకు పైనే ఉంటుంది. 270 కంటే తగ్గితే జలుబు చేసినా జాగ్రత్త పడాలి. 160 కంటే తగ్గితే కఫాన్ని బయటికి తేలేరు. ఈ హద్దులు ప్రధానంగా కండరాల జబ్బులు ఉన్నవాళ్లను చూసి పెట్టినవి. అయినా స్ట్రోక్ వచ్చినవాళ్ల విషయంలోనూ మాకు దారి చూపిస్తాయి. నోటితో పీల్చే, వదిలే ఒత్తిడిని కొలిచే పరీక్ష కూడా ఉంది. ఈ రెండూ చేయించమని మీ వైద్యుణ్ణి అడగండి.

తూర్పుగాలి

మా పెద్దమ్మకు స్ట్రోక్ వచ్చినప్పుడు మేము బెలూన్లు ఊదించాం. ఖర్చు లేని పని. ఊపిరి ఎంతసేపు బిగబట్టగలిగితే అంత మంచిదని కూడా ఎవరో చెప్పారు. ఇంట్లో ఒక ఆక్సిజన్ సిలిండర్ పెట్టుకుంటే నిశ్చింతగా ఉంటుంది కదా. ఆయాసం అనిపించినప్పుడల్లా కాసేపు పెట్టవచ్చు.

రాత్రిడ్యూటీ

స్ట్రోక్ వార్డు నర్సును. ఆక్సిజన్ గురించి మాత్రం నేను గట్టిగానే చెప్పాలి. రక్తంలో ఆక్సిజన్ తగ్గినవాళ్లకు అది మందు. తగ్గనివాళ్లకు దాని వల్ల మేలు లేదు. ఇది ఊహ కాదు. బ్రిటన్‌లో 8,003 మంది స్ట్రోక్ రోగులను తీసుకుని, మొదటి మూడు రోజులు మామూలుగా తక్కువ మోతాదు ఆక్సిజన్ ఇచ్చి చూశారు. 2017లో ఫలితాలు వచ్చాయి. మూడు నెలల తర్వాత వైకల్యంలో గాని మరణాల్లో గాని తేడా కనిపించలేదు. అందుకే రక్తంలో ఆక్సిజన్ 94 శాతం కంటే పైన నిలిచేవాళ్లకు మేము పెట్టం. దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు ముందే ఉన్నవాళ్లకు లక్ష్యం ఇంకా తక్కువ, 88 నుంచి 92. వాళ్లకు ఎక్కువ ఆక్సిజన్ ఇస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుని మత్తులోకి జారిపోవచ్చు.

పైగా ఇక్కడ సమస్య గాలిలో ఆక్సిజన్ తక్కువై కాదు, గాలిని లాగే, నెట్టే కండరం నీరసించి. సిలిండర్ కండరాన్ని బలపరచదు. ఆక్సిజన్ నిజంగా తగ్గుతుంటే కారణం వెతకాలి. సిలిండర్ పెట్టుకుని ఇంట్లో కూర్చుంటే న్యుమోనియా ముదిరిపోతుంది.

ఊపిరిబాట

బెలూన్ సంగతి నేను చెబుతాను. పెద్దమ్మగారికి హాని జరగలేదు, సంతోషం. కానీ స్ట్రోక్ వచ్చినవాళ్లకు నేను బెలూన్ ఇవ్వను. మూతి ఒక వైపు జారి ఉంటే గాలి పెదవి పక్క నుంచి పోతుంది. అప్పుడు బుగ్గలు, మెడ బిగించి ముక్కుతారు. ఎంత ఒత్తిడి పడుతోందో మనకు తెలియదు, రక్తపోటు ఒక్కసారిగా ఎగబాకవచ్చు. ఊపిరి బిగబట్టి ముక్కడం కూడా అంతే. మెదడులో రక్తస్రావం అయినవాళ్లకు, బి.పి. అదుపులో లేనివాళ్లకు అది మరీ ప్రమాదం. స్ట్రోక్ తర్వాత ఏ వ్యాయామమైనా సరే, కష్టమైన ఘట్టంలో ఊపిరి వదలాలి తప్ప ఆపకూడదు.

గుటకమాట

మాట, మింగుడు సమస్యలు చూసే థెరపిస్టును. వేకువవెలుగు గారూ, వ్యాయామాల దాకా వెళ్లే ముందు నాకు కొన్ని సంగతులు కావాలి. నీళ్లు తాగాక నాన్నగారి గొంతు మారుతుందా, తడిగా, గరగరగా పలుకుతుందా? తినేటప్పుడు పొలమారుతుందా? తినడానికి ముందుకంటే ఎక్కువ సమయం పడుతోందా? పడిపోయిన వైపు బుగ్గలో ముద్ద నిలిచి ఉంటోందా? న్యుమోనియా వచ్చినప్పుడు మింగుడు పరీక్ష ఎవరైనా చేశారా?

వేకువవెలుగు

పొలమారడం దాదాపు లేదు. అందుకే మింగుడు బాగుందనే అనుకున్నాం, పరీక్ష ఏదీ చేయలేదు. మీరు అడిగాక ఈ రోజు గమనించాను. నీళ్లు తాగిన కాసేపటికి గొంతు నిజంగానే తడిగా పలుకుతోంది, నీటి బుడగల చప్పుడులాగా. ఎడమ బుగ్గలో కూడా కొంచెం మిగులుతోంది, ఆయనకు అది తెలియడం లేదు. తినిపించడానికి ముందు అరగంట కూడా పట్టేది కాదు, ఇప్పుడు చాలాసేపు పడుతోంది, సగంలోనే అలసిపోతున్నారు.

గుటకమాట

పొలమారడం లేదంటే నాకు ధైర్యం రాదండి, ఇంకా కంగారు వేస్తుంది. నీళ్లు గాలిగొట్టం వైపు జారితే దగ్గు రావాలి. అదే మన కాపలా. స్ట్రోక్ వల్ల గొంతులో స్పర్శ మొద్దుబారితే ద్రవం స్వరతంతువులు దాటి ఊపిరితిత్తుల్లోకి వెళ్లినా దగ్గు రాదు. చడీచప్పుడూ లేకుండా జరిగిపోతుంది. బయటికి కనిపించే ఆనవాలు ఆ తడి గొంతు, తిన్న తర్వాత పెరిగే ఆయాసం, అప్పుడప్పుడు వచ్చే కారణం తెలియని జ్వరం. మీ నాన్నగారికి గొంతు తేమగా పలకడమూ ఉంది, న్యుమోనియా కూడా వచ్చి వెళ్లింది. ఈ వారంలోనే మింగుడు పరీక్ష చేయించండి. వీడియో ఎక్స్‌రే పద్ధతి ఒకటి, ముక్కు గుండా సన్నని కెమెరా పంపి చూసే పద్ధతి ఒకటి. ఏది అందుబాటులో ఉంటే అది. మంచం పక్కన చేసే నీళ్ల పరీక్ష ఒక్కటే అయితే దగ్గు రాని రకాన్ని పట్టుకోలేకపోవచ్చు.

పరీక్ష అయ్యేదాకా కొన్ని జాగ్రత్తలు. పూర్తిగా మెలకువగా ఉన్నప్పుడే, నిటారుగా కూర్చోబెట్టి తినిపించండి. తిన్నాక కనీసం అరగంట పడుకోబెట్టవద్దు. ఒక గుటక పూర్తయ్యి, ఊపిరి ఒకసారి వదిలాక రెండో గుటక. మనం మింగే క్షణంలో ఊపిరి ఆగుతుంది, మింగాక సాధారణంగా ఊపిరి వదులుతాం. అలా వదిలే గాలి దారిలో మిగిలినదాన్ని పైకే నెడుతుంది. ఆయాసంలో ఉన్న మనిషి మింగిన వెంటనే గాలి లాగుతారు, దానితో పాటే ద్రవం లోపలికి పోతుంది. కాబట్టి ఆయాసపడుతుంటే తినిపించకండి, తేరుకునేదాకా ఆగండి. సగంలో అలసిపోతున్నారన్నారు, రోజులో ఎక్కువసార్లు, కొద్దికొద్దిగా ఇవ్వండి.

గడ్డం కిందికి వంచి మింగమని, ద్రవాలు చిక్కగా చేసి ఇమ్మని చాలామంది సలహా ఇస్తారు. ఇవి కొందరికే పనికొస్తాయి. చిక్కటి ద్రవాలు ఇష్టంలేక నీళ్లు తాగడమే తగ్గించేసి ఒంట్లో నీరు ఎండిపోయినవాళ్లను చూశాను. పరీక్షలో చూసి ఆయనకు ఏది సరిపోతుందో తేల్చాకే మొదలుపెట్టండి.

తూర్పుగాలి

అలాంటప్పుడు న్యుమోనియా రాకుండా ముందే యాంటీబయాటిక్ ఇచ్చేస్తే సరిపోదా?

రాత్రిడ్యూటీ

ఇదే ఆలోచనతో యూరప్‌లో రెండు పెద్ద పరిశోధనలు జరిగాయి, 2015లో వెలువడ్డాయి. ముందుగా యాంటీబయాటిక్ ఇచ్చినవాళ్లు మిగతావాళ్లకంటే బాగా కోలుకోలేదు. ఒకదానిలో న్యుమోనియా కూడా తగ్గలేదు. కాబట్టి జబ్బు వచ్చాకే మందు.

ముందుగా చేయగలిగింది వేరే ఉంది, అది నోటి శుభ్రత. వార్డులో కొత్తగా చేరే నర్సులకు నేను మొదట నేర్పేది ఇదే. మింగుడు దెబ్బతిన్న మనిషి రోజంతా తన లాలాజలాన్నే కొంచెం కొంచెం పీల్చుకుంటూ ఉంటారు. లాలాజలంతో పాటు నోట్లో ఉన్న క్రిములన్నీ వెళతాయి. ముక్కు గొట్టం ద్వారా తినిపిస్తున్నాం కదా, నోట్లోకి ఏమీ పోవడం లేదు, ఇంక పళ్లు తోమడం ఎందుకు అనుకుంటారు. వాళ్లకే ఇంకా ఎక్కువ తోమాలి. నమలడం లేనందున నోరు ఎండిపోయి నాలుక మీద పాచి పేరుకుంటుంది.

ఎలా చేయాలంటే, ఆయన్ను కూర్చోబెట్టండి, తల కొంచెం ముందుకు వంచి ఉంచండి. మెత్తటి చిన్న బ్రష్, బియ్యపు గింజంత పేస్టు, అది కూడా నురగ తక్కువ వచ్చే రకం. పడిపోయిన వైపు బుగ్గను వేలితో పక్కకు లాగి, పళ్లకూ బుగ్గకూ మధ్య సందులో చూడండి. పూట కిందటి ముద్ద అక్కడ దొరుకుతుంది. నాలుకను వెనక నుంచి ముందుకు తుడవండి. పుక్కిలించమనవద్దు, తడి గుడ్డతో తీసేయండి. ప్రతి భోజనం తర్వాతా, పడుకునే ముందూ. కట్టుడు పళ్లు ఉంటే రాత్రి తప్పకుండా తీసేయాలి.

వేకువవెలుగు

మేము ఉదయం ఒక్కసారే చేయిస్తున్నాం, అది కూడా పైపైన. నేటి నుంచి మీరు చెప్పినట్టే చేస్తాం. మింగుడు పరీక్షకు సమయం తీసుకున్నాను. ఊపిరిబాట గారూ, వ్యాయామాల గురించి చెబుతారా? పరీక్ష అయ్యేలోపు ఏదైనా మొదలుపెట్టవచ్చా?

ఊపిరిబాట

పరికరం లేకుండా మొదలుపెట్టదగినవి ఉన్నాయి. అన్నిటికంటే ముందు కూర్చునే తీరు. పడిపోయిన వైపుకు ఒరిగి, నడుము జారి కూర్చుంటే పక్కటెముకలు పొట్ట మీదికి దిగిపోతాయి, డయాఫ్రానికి కిందికి జరిగే చోటే ఉండదు. గట్టి కుర్చీలో తుంటి వెనక్కి ఆనించి, పాదాలు నేలకు తగిలేలా, ఎడమ మోచేతి కింద దిండు పెట్టి కూర్చోబెట్టండి. ఈ ఒక్క మార్పుతో మాట గట్టిపడినవాళ్లు ఉన్నారు. పగలు మంచం మీద గడిపే సమయం ఎంత తగ్గితే అంత మంచిది.

తర్వాత, మీ అరచెయ్యి ఎడమ కింది పక్కటెముకల మీద పెట్టి ‘నా చేతిని నెట్టేలా ముక్కుతో గాలి తీసుకోండి’ అనండి. తీసుకున్నాక నెమ్మదిగా నోటితో వదలాలి. మూడు, నాలుగు శ్వాసలు, ఆపై మామూలుగా ఊపిరి తీసుకుంటూ విశ్రాంతి. వరసగా లోతైన శ్వాసలు తీస్తే తల తిరుగుతుంది, పెదవులు తిమ్మిరెక్కుతాయి. అలా అయితే ఆపేయండి.

కఫానికి ‘హఫ్’ నేర్పండి. నోరు బాగా తెరిచి, అద్దం మీద ఆవిరి పట్టించేటప్పుడు చేసినట్టు ‘హ్హా’ అని పొట్టలోంచి గాలి వదలాలి. దగ్గుకు స్వరపేటిక గట్టిగా మూసుకోవాలి, దీనికి అక్కర్లేదు. అందుకే దగ్గలేనివాళ్లకు కూడా ఇది కొంత సాధ్యమవుతుంది. తిన్న వెంటనే మాత్రం వద్దు. దగ్గేటప్పుడు మనం పొట్ట మీద చెయ్యి వేసి లోపలికి, పైకి నొక్కి సాయం చేసే పద్ధతి ఒకటి ఉంది. అది చాలా ఉపయోగం, కానీ చూసి నేర్చుకోవాల్సిందే. పొట్టకు గొట్టం ఉన్నా, పక్కటెముకలు విరిగి ఉన్నా చేయకూడదు.

ఇక అసలు కండర శిక్షణ. చిన్న పరికరం ఉంటుంది, లోపల స్ప్రింగుతో బిగించిన కవాటం. తగినంత గట్టిగా లాగితేనే అది తెరుచుకుని గాలి వస్తుంది. వదిలేటప్పుడు ప్రతిఘటించే రకం కూడా ఉంది, అది దగ్గు కండరాల కోసం. ఆసుపత్రుల్లో ఇచ్చే మూడు బంతుల స్పైరోమీటర్ దీనికి బదులు కాదు. అది ఊపిరితిత్తి తెరుచుకోవడానికి పనికొస్తుంది, కండరం మీద బరువు పెద్దగా పెట్టదు. ముందు పీల్చే ఒత్తిడిని కొలిచి, సాధారణంగా అందులో 30 శాతం దగ్గర మొదలుపెట్టి, వారం వారం పెంచుకుంటూ వెళతాం. మూతి జారినవాళ్లకు వెడల్పు అంచున్న మౌత్‌పీస్ ఇస్తాం, లేదా బలహీనమైన పెదవి మూలను వాళ్ల మంచి చేతి వేళ్లతోనే నొక్కి పట్టుకోమంటాం.

ఫలితం ఉంటుందా అంటే, ఐదు పరిశోధనలను కలిపి, మొత్తం 263 మందిని పరిశీలించిన సమీక్ష ఒకటి 2016లో వచ్చింది. రోజుకు అరగంట, వారానికి 5 రోజులు, 5 వారాలు చేస్తే పీల్చే బలమూ వదిలే బలమూ పెరిగాయి, శ్వాస సంబంధ చిక్కులు తగ్గాయి. మరోవైపు 2015లో వచ్చిన ఒక పరిశోధనలో, స్ట్రోక్ వచ్చిన రెండు వారాల లోపు శిక్షణ మొదలుపెట్టినవాళ్లకూ, ఉత్తుత్తి పరికరంతో చేసినవాళ్లకూ దగ్గు వేగంలో తేడా రాలేదు. అందరిదీ ఒకేలా మెరుగుపడింది. తొలి వారాల్లో ప్రకృతి సహజంగా జరిగే కోలుకోవడమే అంత బలంగా ఉంటుంది. నా అభిప్రాయం ఏమిటంటే, కొలిచి చూసినప్పుడు బలం నిజంగా తక్కువగా ఉండి, తొలి వారాలు దాటినా దగ్గు తేరుకోనివాళ్లకు ఇది తప్పక ఇవ్వాలి. మీ నాన్నగారు ఆ కోవలోకి వచ్చేలా ఉన్నారు. అయితే మొదలుపెట్టే ముందు వైద్యుడి అనుమతి ఉండాలి. బి.పి. అదుపులో లేకపోయినా, ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరిన చరిత్ర ఉన్నా ఆగాలి.

నీలిమేఘం

నా ప్రశ్న కొంచెం వేరు. మా వారికి మెదడు కాండంలో స్ట్రోక్. మొదట్లో ఊపిరి లయే తప్పింది. కాసేపు లోతుగా, తర్వాత పైపైన, తర్వాత పూర్తిగా ఆగి, మళ్లీ మొదలయ్యేది. వెంటిలేటర్ మీద ఉంచి తర్వాత గొంతుకు ట్రకియాస్టమీ చేశారు, అంటే మెడ దగ్గర రంధ్రం చేసి గాలిగొట్టంలోకి గొట్టం పెట్టారు. ఇప్పుడు సొంతంగానే ఊపిరి తీసుకుంటున్నారు, గొట్టం మాత్రం ఉంది. తీసేస్తారని ప్రతి వారం ఎదురుచూస్తున్నాను. తీయడానికి ఏం చూస్తారు? ఆయన మాట విని చాలా కాలమైంది.

గుటకమాట

నీలిమేఘం గారూ, మీరు వర్ణించిన ఆ పెరిగి తగ్గి ఆగే శ్వాసను చెయిన్-స్టోక్స్ శ్వాస అంటారు. 19వ శతాబ్దంలో దాన్ని వర్ణించిన ఇద్దరు వైద్యుల పేర్లవి. పెద్ద స్ట్రోకుల్లోనూ, గుండె బలహీనంగా ఉన్నవాళ్లలోనూ కనిపిస్తుంది. సొంత ఊపిరి మీద నిలబడ్డారంటే పెద్ద మెట్టు దాటినట్టే.

గొట్టం తీయడానికి ఊపిరి ఒక్కటే చాలదు. తన లాలాజలాన్ని తాను మింగగలగాలి, కఫాన్ని గొట్టం దాకానైనా దగ్గి తేగలగాలి, మెలకువగా ఉండాలి. గొట్టం చుట్టూ ఉండే బెలూన్‌లో గాలి తీసి ఎంతసేపు తట్టుకుంటున్నారో చూస్తారు. సక్షన్, అంటే కఫాన్ని యంత్రంతో పీల్చి తీయడం, ఎన్నిసార్లు అవసరమవుతోందో లెక్క పెడతారు. కెమెరాతో గొంతు చూస్తారు. గొంతు లోపల విద్యుత్ ప్రేరణ ఇచ్చే చికిత్స ఒకటి ఉంది. 2018లో వెలువడిన పరిశోధనలో అది పొందినవాళ్లలో 49 శాతం మంది గొట్టం తీయడానికి సిద్ధమయ్యారు, పొందనివాళ్లలో 9 శాతమే. అన్నిచోట్లా దొరకదు, అయినా అడిగి చూడండి.

మాట కోసం గొట్టం తీసేదాకా ఆగనక్కర్లేదు. గాలి లోపలికి వచ్చి, బయటికి గొంతు గుండానే పోయేలా చేసే కవాటం పెడతారు. దాంతో మాట్లాడవచ్చు. కానీ ఒక్కటి గుర్తుంచుకోండి, ఆ కవాటం పెట్టే ముందు బెలూన్‌లో గాలి పూర్తిగా తీసి ఉండాలి. తీయకుండా పెడితే లోపలికి వెళ్లిన గాలికి బయటికి దారి ఉండదు. కాబట్టి మొదటిసారి బృందం సమక్షంలోనే.

మళ్లీనడక

రాత్రి నిద్ర గురించి ఎవరూ అనలేదు. నాకు స్ట్రోక్ తర్వాత పగలంతా మత్తుగా ఉండేది. వ్యాయామం చేయబుద్ధి కాకపోతే దిగులు అనుకున్నారు. గురక మధ్యలో ఊపిరి ఆగుతోందని మా ఆవిడే కనిపెట్టింది. నిద్ర పరీక్షలో స్లీప్ ఆప్నియా అని తేలింది. రాత్రి మాస్కు యంత్రం అలవాటయ్యాక పగటి మెలకువ తిరిగి వచ్చింది. మూతి జారిన వైపు గాలి కారుతుంటే మాస్కు రకం మార్పించాల్సి వచ్చింది. వేకువవెలుగు గారూ, ఒక రాత్రి కాసేపు కూర్చుని నాన్నగారి ఊపిరి గమనించండి.

రాత్రిడ్యూటీ

నిజం. స్ట్రోక్ వచ్చినవాళ్లలో సగానికి పైగా మందికి ఏదో ఒక స్థాయిలో ఇది ఉంటుంది. వెల్లకిలా పడుకుంటే ఎక్కువవుతుంది. పక్కకు తిప్పి, వీపు వెనక దిండు పెట్టి పడుకోబెట్టండి. పడిపోయిన భుజం ఒంటి కింద నలగకుండా చూసుకోండి.

మందులపెట్టె

ఫార్మసిస్టును, చిన్న మాట. స్ట్రోక్ తర్వాత ఇచ్చే మందుల్లో కొన్ని ఊపిరి మీద ప్రభావం చూపుతాయి. పేరు చివర ‘ప్రిల్’ అని వచ్చే బి.పి. మాత్రలతో కొందరికి పొడి దగ్గు పట్టుకుంటుంది. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే టికాగ్రెలర్‌తో కొందరికి ఆయాసం వస్తుంది, ఊపిరితిత్తుల్లో ఏ లోపమూ లేకుండానే. మాత్ర మొదలైన తేదీని, ఆయాసం మొదలైన తేదీని పోల్చి చూసి వైద్యుడికి చెప్పండి. సొంతంగా ఆపకండి. ఆపితే మళ్లీ స్ట్రోక్ రావచ్చు.

వేకువవెలుగు

అందరికీ ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. కెమెరా పరీక్ష అయింది. పలచటి ద్రవాలు దగ్గు లేకుండానే లోపలికి జారుతున్నాయి. కొంచెం చిక్కగా ఉన్నవి, చెంచాతో ఇస్తే సురక్షితంగా దిగుతున్నాయి. మింగుడు వ్యాయామాలు మొదలయ్యాయి. దగ్గు వేగం నిమిషానికి 190 లీటర్లు వచ్చింది. పీల్చే బలమూ తక్కువేనట. వైద్యుడు పరికరానికి అనుమతి ఇచ్చారు, మా ఫిజియోథెరపిస్టు కూడా ఆసక్తిగా నేర్చుకుని వచ్చి మొదలుపెట్టారు. కుర్చీలో కూర్చోబెట్టే తీరు మార్చాక మాట నిజంగానే కొంచెం సాగుతోంది.

రెండు ప్రశ్నలు. ఇంట్లో పురోగతి ఎలా చూసుకోవాలి? ఏది కనిపిస్తే ఆసుపత్రికి పరిగెత్తాలి?

రాత్రిడ్యూటీ

రెండోదానికి నేను చెబుతాను. ఒక్కసారిగా వచ్చిన ఆయాసం, ఛాతీలో పొడిచినట్టు నొప్పి, కఫంలో రక్తం, ఒక కాలు వాచడం, వీటిలో ఏది కనిపించినా ఆగకండి. కదలని కాలి సిరలో గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తికి చేరి ఉండవచ్చు. అది నిమిషాల లెక్కలో చూడాల్సిన విషయం. నిమిషానికి శ్వాసలు మామూలుగా 12 నుంచి 20 ఉంటాయి. విశ్రాంతిలో 25 దాటుతున్నా, ఆక్సిమీటర్‌లో 92 కంటే తగ్గి నిలిచినా, పెదవులు నీలంగా మారినా వెంటనే వెళ్లండి. వేలు చల్లగా ఉంటే ఆక్సిమీటర్ తప్పు చూపిస్తుంది. చెయ్యి వెచ్చబరిచి, పడిపోని చేతి వేలికి పెట్టి మళ్లీ చూడండి. కానీ మనిషి అవస్థ పడుతుంటే అంకె కోసం కూర్చోవద్దు.

పెద్ద వయసువాళ్లకు న్యుమోనియా వచ్చినా జ్వరం రాకపోవచ్చు. ఉన్నట్టుండి మత్తుగా ఉండడం, మాట తికమకపడడం, తినడం మానేయడం, అదే మొదటి సూచన. మూతి, చెయ్యి, మాట కొత్తగా దెబ్బతింటే అది మరో స్ట్రోక్, దానికి వేరే ఆలోచనే వద్దు.

ఊపిరిబాట

190 అంటే కఫాన్ని కొంత తేగలరు, జలుబు చేస్తే మాత్రం చాలదు. కాబట్టి ఇంట్లో ఎవరికైనా జలుబు ఉంటే ఆయన దగ్గరికి రాకుండా చూడండి. ఫ్లూ, న్యుమోకాకల్ టీకాల గురించి మీ వైద్యుణ్ణి అడగండి.

పురోగతికి ఒక నోటు పుస్తకం చాలు. వారానికి ఒక రోజు, ఒకే సమయంలో, ఒకే కుర్చీలో కూర్చోబెట్టి, ఒక్క ఊపిరిలో ఎంత దాకా లెక్కపెట్టగలరో గట్టిగా చెప్పించి రాయండి. ఎవరితోనూ పోల్చవద్దు, కిందటి వారం ఆయన అంకెతోనే. పరికరం మీద ఏ ఒత్తిడి పెట్టారో, చేశాక ఆయాసం పదికి ఎంత అనిపించిందో ఆయన్నే అడిగి రాయండి. పదికి నాలుగు, ఐదు దగ్గర ఉంటే కండరం మీద బరువు సరిగ్గా ఉన్నట్టు. రెండుకు తగ్గితే ఫిజియోథెరపిస్టు ఒత్తిడి పెంచుతారు. ఏడు దాటితే తగ్గించాలి. జ్వరం ఉన్న రోజున శిక్షణ వద్దు. 5 వారాల తర్వాత దగ్గు వేగం మళ్లీ కొలిపించండి. పెరిగితే పూర్తిగా ఆపేయకుండా వారానికి రెండు మూడు రోజులు కొనసాగించండి, ఎందుకంటే ఈ కండరం కూడా వాడకపోతే బలం కోల్పోతుంది. పెరగకపోతే పరికరం ఒత్తిడి సరిపోయిందా, పెదవుల పక్క నుంచి గాలి పోతోందా అన్నవి ముందు చూసుకోవాలి. ఆ అంకె వచ్చాక ఇక్కడే రాయండి, చూసి చెబుతాను.